టెనెసీలో ఇచ్చిన బూట్లు

2023 చలికాలం. ఒంటారియోలోని కేంబ్రిడ్జ్ నుంచి అమెరికా దక్షిణాది రాష్ట్రాలకు నేను రీఫర్ నడుపుతున్న రోజులు. రీఫర్ అంటే సరుకు చల్లగా ఉంచే యంత్రం బిగించిన ట్రక్కు. పోయేటప్పుడు ఫ్రోజెన్ సరుకు తీసుకెళ్ళి టెనెసీలో కొంత, జార్జియాలో కొంత, అలబామాలో మిగతాది దించేవాళ్ళం. వచ్చేటప్పుడు మిసిసిపీలో చిలగడదుంపలు ఎక్కించుకునేవాళ్ళం. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు వెనక బెర్తులో పడుకోవాలి. దీన్ని టీమ్ డ్రైవింగ్ అంటారు. పక్కవాడి గురక, తిండి, తిక్క అన్నీ భరించగలిగితేనే ఈ పని సాగుతుంది.

మాది నిజామాబాద్. నలభై దాటాక లైసెన్సు తీసుకున్నాను, ఆ చలికాలానికి నాకు యాభై నాలుగు. నాతో జతగా నడిపే సూరిబాబుది తుని. ముప్పై దాటినవాడు, నెమ్మదైన మనిషి. ట్రెయిలర్ రివర్స్ చేసేటప్పుడు మాత్రం నాచేత తిట్లు తినేవాడు. ఆ నవంబరులో అయ్యప్ప మాల వేసుకుని వచ్చాడు. నల్ల బట్టలు, మెడలో మాల, ఒట్టి కాళ్ళు. మాలలో ఉన్నవాళ్ళని ఎవరైనా స్వామీ అనే పిలవాలి. నిన్నటిదాకా తిట్టిన నోటితోనే నేనూ స్వామీ అనాల్సి వచ్చింది. అతను అక్కా అనడం మాని నన్ను మాతా అనడం మొదలుపెట్టాడు. నాకు యాభై దాటింది కాబట్టి దీక్షకు ఇబ్బంది లేదని బ్రాంప్టన్‌లో ఉండే గురుస్వామి చెప్పారట. యాభై దాటినందుకు నాకు దక్కిన లాభం అదొక్కటే.

మొక్కు భార్య కోసం. లావణ్యకు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇప్పుడు ఆరో నెల. దీక్ష నిష్ఠగా చేస్తే ఈసారి బిడ్డ దక్కుతుందని అతని నమ్మకం. పని దగ్గర బూట్లు వేసుకోవచ్చని గురుస్వామి చెప్పినా వినలేదు. మనసు లాగుతుందేమోనని తన సేఫ్టీ బూట్లు ఇంట్లోనే వదిలేసి వచ్చాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నట్టుంది వ్యవహారం. సరుకు ఎక్కించి దించే చోటును డాక్ అంటాం. వేళ్ళ మీద ఇనుప రేకున్న బూట్లు లేకపోతే అక్కడ అడుగు పెట్టనివ్వరు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ట్రక్కు క్యాబులో మందపాటి సాక్సులతో నడపాలి, డాకుల దగ్గర దిగే పనంతా నాది. దక్షిణాదిలో చలి అంతగా ఉండదు కదా అని అతని ధీమా. నాకు దేవుడంటే భయం లేదు గాని ఐసంటే ఉంది.

ఆ దారి నాకు కొట్టిన పిండి. స్వామి పక్కనుండడంతో అదే దారి కొత్తగా కనిపించింది. తెల్లవారుతూనే ట్రక్ స్టాపులో చన్నీళ్ళ స్నానం, బ్యాటరీతో వెలిగే చిన్న దీపం, కుక్కర్లో పెసరపప్పూ అన్నమూ. క్యాబులో నిప్పు ముట్టించకూడదని నేనే ఆ దీపం కొనిపెట్టాను. దక్షిణాది ఆడవాళ్ళు ముక్కూ మొహం తెలియనివాళ్ళని కూడా హనీ అని పిలుస్తారు. జార్జియాలో కౌంటర్ దగ్గరున్న పెద్దావిడ బూట్లు లేని హనీని చూసి గట్టిగా నిట్టూర్చి, టీ డబ్బులు తీసుకోలేదు.

అంతకు ముందే టెనెసీలో జరిగింది అసలు సంగతి. కొండ దిగువ ట్రక్ స్టాపులో స్వామి సాక్సులతో నడిచి వస్తుంటే, పికప్ ట్రక్కులో కూర్చున్న ఒక ముసలాయన చూశాడు. దిగి వచ్చి, వేటకు వేసుకునే తన పాత బూట్లు స్వామి ముందు పెట్టాడు. అడుగున లోతైన గాట్లున్న బరువైన బూట్లు. ఇది మొక్కు అని స్వామి వివరించబోయాడు. ఆయనకు అర్థమైనట్టు లేదు, ఇంటి దగ్గర ఇంకో జత ఉందని మాత్రం చెప్పాడు. స్వామి నా వైపు చూశాడు. ఒక మనిషి తనవి తీసి ఇస్తుంటే కాదనడం నాకు మర్యాద అనిపించలేదు. నేనే తీసుకుని దండం పెట్టి, బెర్తు కింద తోశాను. ఆ సాయంత్రమంతా స్వామి ఆ వైపు చూడలేదు.

మిసిసిపీలో దుంపలు ఎక్కించుకునేసరికి మధ్యాహ్నమైంది. అప్పుడే ఫ్రీజింగ్ రెయిన్ మొదలైంది. వానలాగే పడుతుంది, నేలను తాకగానే గాజు పలకలా గడ్డకడుతుంది. మా ఒంటారియోలో అయితే ముందే ఉప్పు చల్లి పెడతారు. అక్కడ అలాంటి చలి ఎప్పుడోగాని రాదు, అందుకని ఉప్పూ లేదు. స్వామి బండిని డాక్ నుంచి కాస్త ముందుకు తీశాడు. నేను దిగి వెనక తలుపులు వేసి, తిరిగి వస్తూ చక్రాల పక్కన జారిపడ్డాను. చీలమండ దగ్గర టప్పుమంది. ఇనుప రేకు బూట్లున్నది నాకే, పడిందీ నేనే.

డాకు తలుపులు అప్పటికే మూసేశారు. ఎంత అరిచినా రీఫర్ యంత్రం హోరులో లోపలివాళ్ళకి వినబడదు. స్వామి అద్దంలో చూసినట్టున్నాడు, తలుపు తీసుకుని సాక్సులతోనే మెట్టు మీద కాలు పెట్టాడు. కాలు జారింది, పిడి పట్టుకుని వేలాడాడు. ఒక్క క్షణం నన్ను చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు. దీపం పెట్టడానికి పోయాడా ఏమిటి అనుకున్నాను. ఆ మాట ఇప్పటికీ అతనికి చెప్పలేదు.

దిగి వచ్చినప్పుడు అతని కాళ్ళకు టెనెసీ బూట్లున్నాయి. రెండు సైజులు పెద్దవి.

"బూట్లేసుకున్నవేంది స్వామీ?" అన్నాను. కాలు విరిగి పడున్నదాన్ని అడగాల్సిన ప్రశ్న కాదు గాని, నోటికి అదే వచ్చింది.

"లేకపోతే ఇద్దరం పడతాం కదా మాతా. నా మెడ పట్టుకోండి."

ఆసుపత్రిలో కట్టు కట్టారు. మర్నాడు బయటికి వచ్చేసరికి ఎండ కాస్తోంది. స్వామి స్టీరింగ్ ముందు బూట్ల వైపే చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. మొక్కు చెడిందని, లావణ్యకు ఏ మొహంతో చెప్పాలని అడిగాడు. దాచి ఆ బరువు మోయలేవు, ఇప్పుడే చెప్పెయ్ అన్నాను. ఫోను స్పీకర్లో పెట్టి, జరిగిందంతా చెప్పాడు.

"నువ్వు మాల వేసుకున్న కాడి నుంచి నాకు నిద్రుండట్లేదు," అంది లావణ్య. "ఇక్కడ మంచు పడినప్పుడల్లా నీ కాళ్ళే గుర్తొచ్చి లేచి కూచుంటన్నాను. డాక్టరేమో బాగా పడుకోమంటంది."

"మరి చెప్పలేదేం?"

"వద్దన్నాక ఏవన్నా అయితే? నా నోటివల్లే అయిందని నువ్వు అనకపోయినా నేను అనుకుంటాను కదా. ఆ బూట్లు ఇప్పకు. నేను పడుకుంటాను."

స్వామి స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాడు. నాకూ కళ్ళు తడిశాయి. కాలు నొప్పి అనుకున్నా ఎవరూ తప్పుపట్టరు.

అక్కడి నుంచి కేంబ్రిడ్జ్ దాకా ఒక్కడే నడిపాడు. నేను బెర్తులో పడుకుని, జన్మలో మొదటిసారి అతని డ్రైవింగ్‌కు వంక పెట్టలేదు. మిగిలిన దీక్ష ఆ బూట్లతోనే చేశాడు, గురుస్వామి ఏమీ అనలేదు. మంచు కరిగే రోజుల్లో ఆడపిల్ల పుట్టింది. అయ్యప్ప దయ అని అతనంటాడు. తల్లి కంటినిండా నిద్రపోయింది, అదీ కొంత కారణమని నేనంటాను. ఇద్దరం వాదించుకోవడం మానేశాం.

ఎవరి మేలు కోసం పట్టుదలకు పోతామో, వాళ్ళు వద్దని చెప్పడానికే భయపడే స్థితిలో ఉంటారని నాకు అప్పటిదాకా తట్టలేదు. ఇప్పుడు నాతో వచ్చే డ్రైవర్ ఎవరైనా మాల వేసుకుంటే, బండి తీసే ముందు ఒక్కటే అడుగుతాను. "ఇంట్లో నిద్ర పడుతుందా లేదా కనుక్కొని వచ్చినవా స్వామీ?"