తూచిన పిండి, తినని బాలింత

1961 జూన్‌లో నన్ను వికారాబాదు నుంచి తాండూరుకు వేశారు. హోదా డైట్ ఇన్వెస్టిగేటరు. పేరు పెద్దది, పని పిండి తూచడం. హోమ్ సైన్సు పట్టా చేతికి కొత్తగా వచ్చింది. నోరు మాత్రం పట్టాకు ముందే ఉంది. పైఅధికారి సర్వే డాక్టరుగారు వికారాబాదులో ఉండేవారు. నా కింద ఎవరూ లేరు, త్రాసు తప్ప.

మా పద్ధతి ఇది. ఎంచుకున్న ఇంట్లో వరసగా ఏడు రోజులు, వంటకు తీసిన ప్రతి దినుసునూ పొయ్యి ఎక్కకముందే తూచాలి. మిగిలినదాన్ని తూచి తీసేయాలి. పట్టిక చూసి కెలోరీలు కట్టి, ఆ మొత్తాన్ని ఇంటి 'యూనిట్ల'తో భాగించాలి. కష్టం చేసే మగవాడు ఒక యూనిట్. ఆడది అంతకు తక్కువ, పిల్లలు ఇంకా తక్కువ. ఆడదానికి తక్కువెందుకని శిక్షణలోనే పోట్లాడాను, గెలవలేదు. సగటు తగ్గిన ఇంటికి పాలపొడి కార్డు ఇస్తారు. ఉన్నదాంట్లోనే ఏది ఎలా తింటే మేలో చెప్పి రావడం కూడా మా పనే.

కొడంగల్ దారిలో ఒక ఊళ్లో బడి గదిలో మకాం పెట్టి, గొర్రెలు కాసే ఒక కుటుంబాన్ని తీసుకున్నాను. పెద్దావిడ మల్లమ్మ, కొడుకు అంజయ్య, కోడలు నర్సమ్మ, ఇద్దరు మగపిల్లలు, నర్సమ్మ ఒళ్లో మూడు నెలల ఆడపిల్ల. నర్సమ్మ మణికట్టు చూస్తేనే ఆ ఇంటికి కార్డు కావాలని తెలుస్తుంది. కానీ చూసి తెలిసినదాన్ని రాసే గడి మా కాగితంలో లేదు.

రెండో రోజు వెళ్లేసరికి పొయ్యిలో బూడిద వేడిగా ఉంది. నేను రాకముందే రొట్టె కాల్చావు కదా అని నిలదీశాను.

"కాల్చిన బిడ్డా. పొయ్యి మాది, పిండి మాది. గది గూడ సర్కారును అడిగి కాల్చాల్నా?" అంది మల్లమ్మ.

కార్డు కోసం తిండి దాచి తక్కువ చూపిస్తున్నారని నాకు రూఢి అయిపోయింది. ఆ రెండు రోజుల లెక్కా కొట్టేసి మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టాను. తెల్లవారకముందే వాళ్ల వాకిట్లో నిలబడేదాన్ని. అంజయ్య కళ్లు నులుముకుంటూ, "గొర్లే లేవలేదు గదమ్మా ఇంక, నువ్వెట్ల లేస్తున్నవ్?" అనేవాడు.

మల్లమ్మ రోజూ రొట్టె ముక్క ఒకటి పప్పులో అద్ది నా ముందు పెట్టేది. "జర ఒక్క ముద్ద నోట్లేసుకో బిడ్డా" అనేది. సర్వే చేసే ఇంట్లో తినకూడదన్నది నిబంధన అనేదాన్ని. "నిబంధన కడుపు నింపుతదా?" అని ఆమె గొణిగేది. రోజూ ఇదే తగవు, రోజూ నాదే గెలుపు.

నర్సమ్మ లోపలి గదిలో తలుపు చాటున తినేది. బాలింత నలుగురి ఎదుట తినదని నాకు తెలుసు, అందుకే లోపలికి తొంగిచూడలేదు. మర్యాద పాటించానని లోలోపల మురిసిపోయాను కూడా.

సగటు సరిపోయింది. పప్పులో ఆకుకూర పెంచమని, పల్లీలు వాడమని చెప్పి వచ్చేశాను. కార్డు అవసరం లేదని రాసి సంతకం చేశాను.

రెండు నెలల తర్వాత మిగతా ఇళ్ల కార్డులతో ఆ ఊరు వెళ్లాను. నర్సమ్మ మేకపాలలో గుడ్డ ఒత్తి ముంచి పిల్ల నోట్లో పెడుతోంది. ఆమెకు పాలు ఎండిపోయాయి. ఆ తొమ్మిది రోజుల్లోనే తగ్గడం మొదలైందట. అంత తిండి తూచాను కదా, ఏమైందని మల్లమ్మ మీద గొంతు లేపాను.

"నువ్వు తూచినంక గది బాలెంతకెట్ల పెడ్త? పరాయి కన్ను పడ్డ బువ్వ తింటె పాలు ఇగిరిపోవా? మొగోళ్లకు, పోరగాళ్లకు పెట్టిన."

"మరి ఈమె ఏం తిన్నది?"

"నువ్వు రాకముందు ఒక రొట్టె కాల్చి దాపెడితి. గదానికి నువ్వు లొల్లి జేస్తివి. అటెన్క మా అక్క ఇంట్లకెల్లి చెంబెడు అంబలి కొంగు చాటున తెచ్చిన. గంతే. నువ్వొక్క ముద్ద తింటె అయిపోతుండె, దిష్టి నీతోనే పోతుండె. ఎన్నిమాట్ల బతిమాలిన?"

నర్సమ్మ తల ఎత్తకుండా, "పోనీ అత్తా, ఆమెకేం ఎరుక" అంది.

ఇది విన్నవాళ్లు చాలామంది మూఢనమ్మకమని మల్లమ్మను తప్పుపడతారు. నేను ఒప్పుకోను. ఆమె తన కోడలి పాలు కాపాడదామనే చూసింది. దానికి ఆమెకున్న దారులు రెండు. నేను రాకముందు కాల్చే రొట్టె ఒకటి, నా నోట్లో పడాల్సిన ముద్ద ఒకటి. రెండూ మూసింది నేను. ఆ ముద్ద బరువు ఎంతో తూచి మొత్తంలోంచి తీసేయడం ఒక్క నిమిషం పని.

వికారాబాదు వెళ్లి ఆ ఇంటికి నేను కట్టిన లెక్క తప్పని రాసిచ్చాను. సంతకం పడినదాన్ని దిద్దితే మిగతా ఇళ్ల లెక్కలన్నిటినీ అనుమానించాల్సి వస్తుందన్నారు డాక్టరుగారు. అనుమానించాల్సిందే అన్నాను. నాలుగుసార్లు రైలెక్కి వాదించాక, దసరా ముందు కార్డు వచ్చింది. నర్సమ్మకు పాలు తిరిగి రాలేదు. పిల్ల బతికింది. మరుసటి ఏడాది చివర నాకు బదిలీ అయ్యేనాటికి కూడా ఆ పిల్లకు నడక రాలేదు.

కుండలో పడినదాన్ని భాగిస్తే వచ్చేది ఇంటి సగటు. అందులో ఎవరి కడుపు నిండిందో ఉండదు. తర్వాతి ఉద్యోగమంతా ఏ ఇంటికి వెళ్లినా త్రాసు బయటికి తీయకముందే ఆ ఇంటి ఆడవాళ్లను, నిన్న ఏం తిన్నారని ఒక్కొక్కరినీ విడిగా అడిగాను. దాదాపు అందరూ చెప్పారు. నర్సమ్మను నేను అడగలేదు.