ఎదుటివారికి పట్టిన మైకు

మాస్టారు పోయారని మొన్న బొర్రా నుంచి ఫోనొచ్చింది. అరకు సంతలో పసుపు బేరమాడుతున్నాను. బేరం అక్కడే వదిలేసి ఓ రాతిమీద కూలబడ్డాను. మీలో చాలామందికి ఆయన గొంతు తెలుసు, మొహం తెలీదు. రేడియోవాళ్ల బతుకంతే.

నాకు పని నేర్పింది ఆయనే. టేప్ రికార్డర్ భుజాన వేసుకుని కాఫీ తోటల్లో నిద్రలో నడిచినట్టు నడిచేవారు. పిట్ట కూసేదాకా ఆగేవారు. ఎందుకండీ అంటే, "మాట సుట్టూ ఊరు కూడా ఇనపడాలమ్మా" అనేవారు.

తొంభైల చివర్లో ఒక గూడెంలో థింసా గొడవ వచ్చింది. ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసి వరసగా ఆడే ఆట అది. బుద్రి మగపిల్లాడిగా పుట్టింది, ఊహ తెలిసినప్పటి నుంచీ తను ఆడపిల్లనే అంది. చైత్ర పండక్కి ఆ వరసలో ఆడతానంది. వరస నడిపే పెద్దమ్మ కుదరదంది. అయితే ఊరొదిలి పోతానంది బుద్రి.

ఇలాంటి గొడవకి రేడియో వైద్యం నాకు తెలుసు. అటు ఒకరు, ఇటు ఒకరు, మధ్యలో పాట, చివర నమస్కారం. మాస్టారు మాత్రం బుద్రి మాట్లాడుతుంటే మైకు పెద్దమ్మ చేతిలో పెట్టారు. దగ్గరగా పట్టాలి, పట్టినంతసేపూ నోరెత్తకూడదు.

"పండగనాడు నానొక్కదాన్నే గుమ్మంలో కూకోవాలేటి? నా కాళ్లకి ఆ అడుగే తెలుసు" అంది బుద్రి.

తర్వాత మైకు బుద్రి చేతికి మారింది. "దీని మీద నాకు కోపం నేదు. వరసలో పెళ్లి కావాల్సిన గుంటలున్నారు. పొరుగూరోళ్లు నవ్వితే ఆళ్లకి నానేటి సెప్పేది?" అంది పెద్దమ్మ. బుద్రి మైకు దించలేదు.

ప్రసారమయ్యాక అటువాళ్లూ తిట్టారు, ఇటువాళ్లూ తిట్టారు. "అయితే తూకం కుదిరినట్టే కదా మాస్టారూ!" అన్నాను గొప్పగా.

"తిట్లతో తూకమేటమ్మా? పెద్దమ్మకి పోయేది పరువు, ఆ గుంటకి పోయేది ఊరు. రెండూ సెప్పామా నేదా, అది సూసుకో."

ప్రసారానికి ముందు, కార్యక్రమం చివర్లో 'అందరూ కలిసిపోతారని ఆశిద్దాం' అని కలుపుదామంటే కూడా ఒప్పుకోలేదు. "అది నీ ఆశ. ఆళ్ల నోట రాలేదు" అన్నారు. అప్పుడు ఒళ్లు మండింది. ఇవాళ ఆ మాటకి దణ్ణం పెట్టాలనిపిస్తోంది.

పండగనాడు ఇద్దరం వెళ్లాం. రికార్డర్ తేలేదాయన. తెల్లవారుజామున మంచు దిగి ఇళ్లు సగమే కనిపిస్తున్నాయి. బుద్రి మూట కట్టుకుని గుమ్మంలో నిలబడింది. వరస తిరుగుతూ తిరుగుతూ ఆ గుమ్మం ముందుకొచ్చింది. పెద్దమ్మ ఆట ఆపలేదు. ఖాళీగా ఉన్న చెయ్యి మాత్రం పక్కకి చాచింది.

"బేగి రాయే, అడుగు తప్పిపోతాది!"

మూట గుమ్మంలోనే ఉండిపోయింది. వరస మంచులోకి వెళ్లాక అడుగుల చప్పుడే మిగిలింది. పక్కకి తిరిగి చూస్తే మాస్టారు చెప్పులు విప్పేసి, తడి మట్టిమీద మెల్లగా అదే అడుగు వేస్తున్నారు.