గ్రెనాష్ సీసా, కారం లేని కార్జం

రెండువేల సంవత్సరం దాటాక జరిగిన మాట. తూము నీళ్ల తగాదాలో మా అన్న పార తిరగేసి మా బావ భుజం విరగ్గొట్టాడు. బావ దవాఖాన నుంచి వచ్చీ రాగానే, పుట్టింటి గడప తొక్కొద్దని అక్కను కట్టడి చేశాడు. రెండేళ్లు గడిచాయి. ఇంట్లో అమ్మ మంచాన పడి కూతురినే కలవరిస్తోంది. అందుకే నేను మధ్యలో దూరి, బాన్సువాడ బయట కాలువ గట్టున రాజీ దావత్ పెట్టించాను.

మా ఇంటి ఆనవాయితీ ప్రకారం, మేకను కోయగానే కార్జం నిప్పుల మీద కాల్చాలి. మొదటి ముక్క దెబ్బ తిన్నవాడి నోట్లో దెబ్బ కొట్టినవాడే పెట్టాలి. బావ ఆ ముక్క మింగితే అక్క ఇంటికి రావొచ్చు. గట్టు మీద ఆటోలో కూర్చుని ఆమె ఎదురుచూస్తోంది.

మందు నా వంతు. బెల్లం లోడుతో నాసిక్ పోయినప్పుడు తెచ్చిన సీసా అది. గ్రెనాష్ అనే ద్రాక్షతో చేసిన వైన్, ఓక్ చెక్క పీపాలో ఏడాది మగ్గింది. ద్రాక్షతోట ముసలాయన కూతుర్ని అత్తారింటికి పంపినట్టు కన్నీళ్లు పెట్టుకుని మరీ ఇచ్చాడు. దానికి తోడు కాల్చిన మాంసం, ఉప్పు, మిరియాలు చాలన్నాడు. ఎండుమిర్చి తగిలితే దాని రుచి చస్తుందట. అందుకే దావత్ నాడు నేను కారం డబ్బాను కాలువలో పారేశాను.

బావ స్టీలు గ్లాసులో ఓ గుక్క తాగాడు. "ఏందిర ఇది, కట్టె వాసనొస్తుంది?"

"పీపా వాసన బావా. గదే దాని షోకు."

అన్న ముక్క పెట్టాడు. బావ రెండుసార్లు నమిలి తుపుక్కున ఊశాడు.

"కారమేది? నేనేమన్న బాలింతనా? భుజమిరిగింది గని నాల్క సావలే, బామ్మర్దీ!"

"మర్యాదకు పెడితే ఊస్తవా?" అన్న గుడ్లురిమాడు.

తప్పు నాదని చెప్పేలోపే అన్న పిడికిలి బావ మూతి మీద పడింది. ఆ చప్పుడుకు నిజాంసాగర్ కొంగలన్నీ లేచిపోయాయి, నమ్మకపోతే మానండి. బావ గ్లాసుతో అన్న కనుబొమ చీల్చాడు. అన్న గొంతు పట్టుకుంటే బావ బొటనవేలు కొరికేశాడు. ఇద్దరూ నిప్పుల్లో దొర్లారు. విడదీయబోయిన నా పెదవి పగిలింది.

అప్పుడు అక్క ఆటో దిగింది. పొయ్యి పక్కనున్న కట్టెల మోపులోంచి తుమ్మకట్టె లాగి ముందు అన్న వీపు, తర్వాత బావ మోకాళ్లు వాయించింది.

"రెండేండ్లల్ల నన్ను ఒక్కడన్న అడిగిండా? అమ్మ పానం పొయినంక పంపుతవా?"

బావ నెత్తురు ఉమ్మాడు. "ఇయ్యాల పోయినవంటే మల్ల నా గడప తొక్కకు."

"తొక్కనియ్యకుంటే నీ గడప పీకి పొయ్యిల పెడ్త!"

కట్టె పట్టుకునే మా ఇంటి దారి పట్టింది. వెనక్కి చూడలేదు.

నేను మిగిలిన కార్జం కొరికి, సీసా అడుగున మిగిలింది తాగాను. నోట్లో నెత్తురు ఉప్పగా ఉంది. పొగ, మిరియం, ఎర్రపండ్ల తీపి, చివర లవంగం. ముసలాయన చెప్పింది అక్షరాలా నిజం.

కాసేపటికి బావ అడిగాడు, "ఎన్నొద్దులుంటదట?"

"నన్నడుగుతవేంది? పోయి దాన్నే అడుగు," అన్నాడు అన్న, కనుబొమకు తువ్వాలు అదుముకుంటూ.

పొద్దు వాలేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. లేచి వెళ్లి అడిగే ధైర్యం ఎవరికీ చాలలేదు.