పొద్దున్నే పోసిన నిద్ర కషాయం

అమీర్‌పేటలో మా ఆడపిల్లల హాస్టల్ నడిపే ఆంటీకి ఉన్నట్టుండి మా ఆరోగ్యం మీద బెంగ పుట్టుకొచ్చింది. గ్రూప్స్ పరీక్ష దగ్గరపడింది, పిల్లలు టెన్షన్‌తో చిక్కిపోతున్నారని ఎవరో చెప్పారట. అంతే, పొద్దున పాలు పోసిన టీ బంద్. దాని బదులు స్టీలు క్యానులో చామంతి, జటామాంసి, అశ్వగంధ వేసి కాచిన పసుప్పచ్చ నీళ్లు. నోట్లో పోసుకుంటే పాత దిండు నానబెట్టిన వాసన. తను మాత్రం గదిలో కూర్చుని అల్లం దంచి వేసిన చిక్కటి టీ తాగేది. ఆ ఘుమఘుమ మెట్ల దాకా వచ్చి మమ్మల్ని వెక్కిరించేది.

నా వయసుకు అదే ఆఖరి అవకాశం. పంజాగుట్టలో బట్టల షాపు ఉద్యోగం మానుకుని మరీ చదువుతున్నాను. ఆ నీళ్లు మొదలైనప్పటి నుంచి కోచింగ్ క్లాసులో కళ్లు మూతలు పడుతున్నాయి. ఓరోజు వంటింట్లో ఆ మూలికల డబ్బా తీసి చదివితే, పడుకునే ముందు తాగాలని రాసి ఉంది. ఒళ్లు మండిపోయింది.

"ఆంటీ, గిది రాత్రి తాగేదట. డబ్బా మీదనే రాసి ఉంది, జర చూడుండ్రి."

"రాత్రి వంటింటికి తాళం వేసేస్తాం కదమ్మా! అప్పుడెవరు కాస్తారు? పొద్దున తాగితే మాత్రం పనిచెయ్యదా ఏంటి?"

పనిచేస్తోంది కాబట్టే కదా నా ఏడుపు! ఆ రోజు నుంచి నా వాటా సింకులో పారబోస్తూ వచ్చాను.

పరీక్ష రోజు ఆంటీ గుమ్మంలోనే పట్టుకుంది, చేతిలో ఆ నీళ్ల కప్పుతో.

"శుభమా అని వెళ్తూ వద్దనకూడదమ్మా. ఎదురొచ్చి ఇస్తున్నాను."

బయట ఆటో ఆగి ఉంది. బయల్దేరేటప్పుడు గొడవెందుకులే అని గటగటా తాగేశాను. నా మొహమాటం తగలెయ్య! హాల్లో ప్రశ్న చివరికొచ్చేసరికి మొదలు గుర్తుండలేదు. ఎప్పుడు తల వాల్చానో తెలియదు, ఇన్విజిలేటర్ బల్ల మీద తట్టి లేపింది. అప్పటికి టైం అయిపోవచ్చింది, సగం ప్రశ్నలు అలాగే ఉన్నాయి.

ఫలితాల్లో నా నంబరు లేదు. ఆంటీ మళ్లీ కప్పుతో వచ్చింది.

"తాగమ్మా, బాధ తగ్గుతుంది."

"తగ్గుడు నాకొద్దాంటీ. నా కోపం నాకు గిట్లనే ఉండనియ్యుండ్రి."

తిన్నగా ఆమె గదిలోకి వెళ్లాను. బల్ల మీద ఆమె అల్లం టీ పొగలు కక్కుతోంది. ఆమె చూస్తుండగానే కూర్చుని చివరి చుక్క దాకా తాగాను. అబ్బ, ఎంత మెలకువ వచ్చిందో! రాయడానికి ఇక పరీక్షే లేదు.