వాలు పాఠం చెప్పిన అత్తయ్యగారు

అత్తయ్యగారు పోయేరు. ఫోనులో నాన్న ఆ ఒక్క ముక్కే అని ఊరుకున్నారు. అవతల వాన చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. నేను కొత్తపేటలో మా బ్యాంకు కౌంటర్లో కూర్చుని ఉన్నాను. ఎలాగ నాన్నా అంటే, పొద్దున్నే కాఫీ తాగి కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉండిపోయిందన్నారు. గుండెట. నాకు ముందు ఏడుపు రాలేదండీ, కోపం వచ్చింది. ఆవిడ అడగాల్సిన ప్రశ్నలు ఇంకా బోలెడు మిగిలిపోయేయి. అవన్నీ ఎవరికి ఒప్పజెప్పి వెళ్ళినట్టు?

ఆవిడ మా నాన్నకి చెల్లెలు, నాకు మేనత్త. రాజోలు చుట్టుపక్కల హైస్కూళ్ళలో ఫిజికల్ సైన్సు చెప్పి రిటైరయ్యేరు. మాతోనే ఉండేవారు, పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "మంచి ప్రశ్న, నాకూ తెలీదు" అనేవారు. భూస్థాపన రోజున పాస్టరుగారు ఆవిడ ప్రార్థనా జీవితం గురించి చెప్పేరు. తోటి టీచర్లు ఆవిడ క్రమశిక్షణ గురించి చెప్పేరు. అంతా నిజమే. సైకిలు సంగతి మాత్రం ఒక్కరూ ఎత్తలేదు, పోయిన మనిషి గురించి అలాంటివి చెప్పడం మర్యాద కాదనుకున్నారు కాబోలు. అందుకని నేను చెబుతున్నాను.

మా వైపు ఎప్పుడూ రానివాళ్ళకి ముందు ఒక మాట. కోనసీమలో గోళీ కింద పెడితే పెట్టినచోటే ఉంటుంది. ఎత్తు చూడాలంటే ఏటిగట్టు ఎక్కాలి, లేకపోతే వంతెన ఎక్కాలి. అలాంటి చోట అత్తయ్యగారు సర్వీసంతా వాలు తలం పాఠం చెప్పేరు. ఇటుకల మీద చెక్క ఒకటి ఏటవాలుగా ఆనించి, పైనుంచి గోళీ వదిలేవారు. అది మధ్యలో ఎక్కడా ఆగకుండా చివరిదాకా వెళ్ళిపోయేది. నేనూ ఆ క్లాసులో కూర్చున్నదాన్నే. రిటైరయ్యేక ఓ రోజు నాతో అన్నారు, ఇన్నేళ్ళూ వాలు గురించి చెప్పేనుగానీ వాలు ఎలా ఉంటుందో నా ఒంటికి తెలీదే అని.

ఆ బుద్ధి పుట్టడానికి కారణం ఫోనులో చూసిన ఓ వీడియో. ఎవరో కుర్రాడు కొండ అడివిలో, చెట్ల మధ్య కాలిబాట మీద సైకిలేసుకుని జర్రున దిగిపోతున్నాడు. "వీడు పెడలు తొక్కట్లేదు. పడనూ పడట్లేదు. ఎందుకు పడట్లేదంటావ్?" అని నన్నడిగేరు. నాకేం తెలుసు, అలవాటండీ అన్నాను. అలవాటు అనేది జవాబు కాదు, జవాబు తెలీనప్పుడు అనే మాట అన్నారు. ఆ నెలలోనే రాజమండ్రి వెళ్ళి గేర్ల సైకిలు కొనుక్కొచ్చేరు. ఒకటి కాదు, రెండు. రెండోది నాకు. నన్ను ఎవరూ అడగలేదు.

నాన్న ఆ సైకిళ్ళ చుట్టూ ఒకసారి తిరిగి, గేర్లెందుకమ్మా, కొబ్బరిచెట్టు ఎక్కుతావా అన్నారు. నాన్న ఇరిగేషన్లో లస్కరుగా చేసేరు. కాలవ తలుపులు ఎత్తడం, దించడం, ఏ ఊరికి ఎప్పుడు నీళ్ళు వెళ్ళాలో చూడటం ఆయన పని. నీళ్ళ విషయంలో మా ఇంట్లో ఆయన మాటకి తిరుగులేదు. మిగతా విషయాల్లో కూడా తిరుగులేదనే ఆయన అనుకునేవారు. అత్తయ్యగారు ఎదురు చెప్పేవారు కాదు, తను చేసేది చేసేసేవారు.

మొదట రేవు దగ్గర నేర్చుకున్నారు. ఏటిగట్టు మీంచి, ఏరు దాటించే పంటు ఎక్కే చోటికి దిగే దారి ఒక్కటే మాకున్న వాలు. పంజాబీ డ్రస్సు, తలకి హెల్మెట్టు, మెళ్ళో స్కూలునాటి పాత ఈల. పొద్దుటే పైనుంచి కిందకి దిగడం, తోసుకుంటూ మళ్ళీ పైకెక్కడం. పంటు కోసం నిలబడ్డవాళ్ళు నవ్వుకుంటే, నవ్వుతారేంటండీ, మీరు దిగి చూపించండి, ఎక్కడ బరువు వెనక్కి వెయ్యాలో చెప్పండి అని వాళ్ళనే అడిగేవారు. నిజంగా తెలుసుకోవాలనే అడిగేవారు, దెప్పడానికి కాదు. వాళ్ళలో ఒకాయన నిజంగానే దిగి చూపించబోయి బురదలో కూర్చున్నాడు.

తరవాత మారేడుమిల్లి కొండలు. మా పాత కారు వెనకాల రెండు సైకిళ్ళూ కొబ్బరితాడుతో కట్టుకుని, రావులపాలెం, రాజమండ్రి, రంపచోడవరం మీదుగా వెళ్ళేవాళ్ళం. రంపచోడవరం దాటేక రోడ్డు మొదటిసారి పైకి లేచినప్పుడు అత్తయ్యగారు కిటికీ దించి తల బయటపెట్టేసేరు. చెవులు మూసుకుపోతున్నాయి, నీకూనా అని అడిగేరు. ఎందుకు మూసుకుపోతాయో దారి పొడుగునా నాకు చెప్పేరు. నాకు ఆకలేస్తోంది, అరగంట నుంచి ఇడ్లీ అంటున్నాను, వింటేనా.

ఆ మొదటిసారే దారి తప్పేం. కట్టెలకి వెళ్ళేవాళ్ళూ, పశువులూ నడిచి నడిచి పడ్డ బాటలు అవి, ఒకదాంట్లోంచి ఒకటి చీలిపోతూ ఉంటాయి. ఫోనులో సిగ్నలు లేదు. నేను బెంబేలు పడుతుంటే అత్తయ్యగారు చెవి ఒగ్గి విని, నీళ్ళ చప్పుడు వినపడుతోంది కదా, కాలవ గట్టు పట్టుకుంటే ఊరు రాక ఎక్కడికి పోద్దే అన్నారు. నేనూ తల ఊపేను. మా పక్క పుట్టినవాళ్ళెవరైనా అదే అంటారు, ఏ కాలవ వెంట నడిచినా ఏదో ఒక ఊరి రేవు తగులుతుంది కదా. సరే, వాగు పట్టుకుని దిగేం. దిగి, దిగి, ఓ బండ అంచుకి చేరేం. వాగు అక్కణ్ణుంచి తాడిచెట్టంత లోతుకి దూకేస్తోంది. ఊరూ లేదు, గట్టూ లేదు. సైకిళ్ళు భుజాన వేసుకుని వచ్చిన దారినే ఎక్కేం. నా నోట్లోంచి మంచి మాట ఒక్కటీ రాలేదు.

రోడ్డు పక్క టీ కొట్టావిడ మా బట్టలు చూసి, ఎటెళ్ళేరని అడిగి, సంగతి విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నీళ్ళకేంటమ్మా, దూకుతాయి. మీరు దూకుతారా?" అంది. అత్తయ్యగారు ఆ మాటకి ఎంత సంబరపడ్డారంటే, తిరిగొచ్చేటప్పుడు దారంతా అదే తలుచుకున్నారు. మన నీళ్ళకి మనం దారి చూపిస్తాం, అక్కడి నీళ్ళు తమ దారి తామే చూసుకుంటాయన్నమాట అన్నారు. ఇంటికొచ్చి నాన్నకి చెబితే, అదీ ఒక నీళ్ళేనా, ఒక తలుపూ లేదు, ఒక తూమూ లేదు అని తీసిపారేసేరు.

తరవాత చలికాలాల్లో ఎన్నిసార్లు వెళ్ళేమో లెక్క లేదు. ఒకే బాట ఎంచుకున్నారు. కొండ పైనుంచి చెట్ల మధ్యన మెలికలు తిరుగుతూ టీ కొట్టు దాకా దిగే బాట. ఒక్కసారి, కాలు కింద పెట్టకుండా, పైనుంచి చివరిదాకా దిగాలని ఆవిడ కోరిక. నా గోళీ మధ్యలో ఎప్పుడూ ఆగలేదు, నేనెందుకు ఆగుతున్నాను అనేవారు. ఆగుతున్నది ప్రతిసారీ ఒకేచోట. వెదురు పొద దగ్గర బాట చటుక్కున మలుపు తిరుగుతుంది, కిందంతా రాలిన ఆకు. మా ఊళ్ళో బ్రేకు దేనికి, గేదె అడ్డొస్తే పట్టుకోవడానికి. ఆ అలవాటుతో ఓసారి ముందు బ్రేకు ఒక్కసారిగా నొక్కేరు. సైకిలు ఆగిపోయింది, అత్తయ్యగారు ఆగలేదు.

మణికట్టు విరిగింది. అమలాపురంలో డాక్టరుగారు ఫోటో తీసి, చెయ్యి అతుక్కుంటుంది గానీ ఎముకలు గుల్లబారిపోయేయి, ఈసారి తుంటి విరిగితే మంచం దిగరు, సైకిలు మాట మర్చిపొండి అని చెప్పేసేరు. నాన్న ఇంటికి రాగానే ఆవిడ సైకిలు కొబ్బరికాయల కొట్లో పెట్టి తాళం వేసేరు. నన్ను తిట్టని తిట్టు లేదు. అత్తయ్యగారు చెయ్యి నయమయ్యేదాకా ఊరుకున్నారు, నయమయ్యేక నాన్న ఎదురుగా కూర్చున్నారు.

"ఒక్కసారి వెళ్ళొస్తానన్నయ్యా. దిగినా దిగలేకపోయినా, తరవాత సైకిలు నువ్వే ఎవరికైనా ఇచ్చెయ్యి."

నాన్న ఆ రోజు ఒప్పుకోలేదు. ఆ వారం ఒప్పుకోలేదు. చివరికి తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టేరు, ఆవిడ చేతిలో పెట్టలేదు. అత్తకి ఏమైనా అయితే నా గుమ్మం తొక్కకు అన్నారు. అన్నంతపనీ చేసే మనిషే.

పోయిన చలికాలం, ఆ చివరిసారి, నేను ఆవిడ వెనకాలే దిగుతున్నాను. వెదురు పొద వచ్చింది. అత్తయ్యగారు ఒళ్ళు వెనక్కి వేసి, వెనక బ్రేకు మెల్లిగా, వదులుతూ పట్టుకుంటూ, చూపు మలుపు అవతలికి పెట్టి, తిరిగిపోయేరు. కాలు పెట్టలేదు. అక్కణ్ణుంచి కింద టీ కొట్టు దాకా మరి కష్టం లేదు, బాట వెడల్పు, వాలు తక్కువ. నాకు ఏడుపొచ్చేసింది. అయిపోయింది, ఇంక ఫరవాలేదు అనుకున్నాను. అంతలో ఆవిడ చక్కగా బ్రేకు పట్టి, ఆగి, కాలు కింద పెట్టి, సైకిలు పక్కన పడుకోబెట్టేసేరు.

కళ్ళు తిరిగేయేమోనని పరిగెత్తేను. అత్తయ్యగారు బాట పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. బండ కింద, పళ్ళెమంత చోటులో, తెల్లటి ఇసక ఉడుకుతున్నట్టు కదులుతోంది. నీళ్ళు. లోపల్నుంచి పైకొస్తున్నాయి.

"ఇటు చూడవే. పైన కాలవ లేదు, పక్కన చేను లేదు. ఎవరూ వదల్లేదు. మరి ఎలా వస్తున్నాయి?"

నాకు ఒళ్ళు మండింది. ఇంకాస్త దూరంలో ఉందండీ కింద, ఇన్నేళ్ళుగా దీనికోసమే కదా వచ్చింది, నాన్న చేత తిట్లు తిన్నది దీనికోసమే కదా, మీరే కాలు పెట్టేసేరు అని గట్టిగానే అన్నాను. పైకెళ్ళి మళ్ళీ మొదలెడదామా అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, దోసిట్లో నీళ్ళు పట్టి తాగేరు. నాకూ పట్టేరు. పళ్ళు జివ్వుమన్నాయి.

"గోళీ ఆగకుండా ఎందుకు దిగుతుందో ఇవాళ తెలిసిందే" అన్నారు.

"ఎందుకు?"

"దానికి కళ్ళు లేవు కదా."

సాయంత్రం ఇంటికొచ్చేసరికి నాన్న వీధి అరుగు మీదే కూర్చుని ఉన్నారు. ముందు ఆవిడ చేతులూ కాళ్ళూ చూసేరు, తరవాత దిగేవా అని అడిగేరు. లేదన్నయ్యా, మధ్యలో కాలు పెట్టేనని నవ్వేరు అత్తయ్యగారు. ఓడిపోయినవాళ్ళు అలా నవ్వరు కదా, నాన్న నావైపు చూసేరు. అప్పుడావిడ ఊట సంగతి చెప్పేరు. నువ్వూ ఓసారి చూడాలన్నారు. నీళ్ళేగా, నీళ్ళ గురించి నాకు చెబుతావా అన్నారు నాన్న. అత్తయ్యగారు ఆయన చెయ్యి పట్టుకుని, అరిచెయ్యి తెరిచి, మధ్యలో తన వేలితో మెల్లిగా తట్టేరు. ఇలాగ, ఇలాగ లేస్తుంది అన్నయ్యా, అని. ఆయన చెయ్యి లాక్కుని కాఫీ చల్లారిపోతోందంటూ లోపలికెళ్ళిపోయేరు. కాసేపటికి వంటింట్లోంచి, ఎండాకాలం కూడా వస్తాయా అని మాత్రం అడిగేరు. తెలీదు, వెళ్ళి చూడాలి అన్నారావిడ. సైకిలు మర్నాడే తనే పాత స్టూడెంటు ఒకావిడకి ఇచ్చేసేరు. ఎండాకాలం ఎవరమూ వెళ్ళలేదు, వానల్లో ఆవిడే వెళ్ళిపోయేరు.

భూస్థాపన అయ్యి, చుట్టాలు వెళ్ళిపోయేరు. వానలు తగ్గేక ఓ ఆదివారం, చర్చినుంచి వస్తూ నాన్న, ఆ ఊట ఎక్కడుందో నీకు గుర్తుందా అని అడిగేరు. తాళంచెవి నా చేతిలో పెట్టిన మనిషికి లేదని ఎలా చెబుతాను? తీసుకెళ్ళేను.

కారు టీ కొట్టు దగ్గర ఆపి, కిందనుంచి ఎక్కేం. ఆయనకి మోకాళ్ళ నొప్పి. నా భుజం పట్టుకుని, ప్రతి బండ దగ్గరా ఆగుతూ, ఇక్కడేనా, ఇక్కడేనా అని అడుగుతూ ఎక్కేరు. బండ కింద ఇసక అలాగే కదులుతోంది. నాన్న ముందు పైకి చూసేరు, పక్కకి చూసేరు, తలుపు ఎక్కడుందో వెతుకుతున్నట్టు. తరవాత నా చెయ్యి ఆసరా చేసుకుని, కష్టం మీద గొంతుక్కూర్చుని, అరిచెయ్యి నీళ్ళలోకి పెట్టేరు.

"ఆయ్" అన్నారు, పెద్దవాళ్ళెవరో పక్కన నిలబడి చెప్పిన మాటకి మా వైపు అవునండీ అని ఒప్పుకునేటట్టు, మెల్లిగా. నాకు తెలిసి ఆయన తన చెల్లెలితో ఎన్నడూ ఆ మాట అనలేదు. చెయ్యి తియ్యలేదు. వేళ్ళ సందుల్లోంచి ఇసక లేస్తోంది, పడుతోంది, మళ్ళీ లేస్తోంది.