మాఫీ అడగడానికి వచ్చిన మనిషి

ఎనభైల మొదట్లో వన్ టౌన్‌లో మా క్రైస్తవుల వీధికీ పక్కనున్న ముస్లింల వీధికీ మునిసిపల్ ఎన్నికలు పగ పెట్టాయి. ఒక ఉదయం లేచి చూస్తే మా పార్టీ పందిరి చిరిగి ఉంది. పోలీస్ స్టేషన్‌లో శాంతి కమిటీ కూర్చుంది. రెండు వైపుల పెద్దలూ టీ తాగారు గానీ, క్షమించమన్న మాట ఎవరి నోటా రాలేదు. ముందు అన్నవాళ్ళే చింపినట్టవుతుందని భయం.

మా నాన్న హార్బర్‌లో క్రేన్ నడిపేవారు, చర్చి సంఘంలో పెద్ద. పక్క వీధిలో రేకు పెట్టెలు చేసే సాయిబూ ఆయనా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. పందిరి చిరిగాక ఆ పిలుపు ఆగిపోయింది.

ఒక శనివారం సాయంత్రం సాయిబు మా గుమ్మం ముందు చెప్పులు విడిచారు.

“బావా, ఇన్నాళ్ళలో నాను అన్నదేటున్నా, సేసిందేటున్నా మాఫ్ సేసెయ్.”

నాన్న ఆయన్ని కౌగిలించుకున్నారు. “సేసేసేను బావా! మనసులో ఏటీ ఎట్టుకోకు.”

మరునాడు ఆరాధనలో నాన్న లేచి, పక్క వీధి సోదరుడు తప్పు ఒప్పుకున్నాడనీ, తాను క్షమించాననీ సాక్ష్యం చెప్పారు. సంఘమంతా స్తోత్రం అంది. మాలో తప్పు చేసినవాడే క్షమాపణ అడుగుతాడు మరి. మధ్యాహ్నానికల్లా పందిరి చింపింది సాయిబేనని ఊరంతా పాకిపోయింది.

కుళాయి దగ్గర్నుంచి అమ్మ బిందెతో విసురుగా వచ్చింది.

“ఆయన ఇయాల హజ్‌కి ఎళ్తన్నారంట. ఎళ్ళేముందు అందర్నీ మాఫ్ అడగాలంట. సేపలమ్మే ముసల్దాన్ని కూడా అడిగేరంట. అదేటి, దాని పందిరి కూడా సింపేరేటి?”

నాన్న కంచం ముందు నుంచి లేచిపోయారు. కొత్తగా స్టీల్ ప్లాంట్‌లో చేరిన నేను ఆయన్ని సైకిల్ మీద రైల్వే స్టేషన్‌కి తీసుకెళ్ళాను. దండలతో కిటికీ దగ్గర కూర్చున్న సాయిబు కనిపించారు. పక్క వీధి కుర్రాళ్ళు అడ్డం నిలబడ్డారు.

“మళ్ళీ ఏటి ఒప్పించడానికొచ్చేవు పెద్దాయనా?”

“బావా!” అని నాన్న అరిచారు. సాయిబు వినలేదో, వినదలచుకోలేదో. రైలు కదిలింది.

సాయిబు తిరిగి రాలేదు. హజ్‌లోనే జ్వరంతో పోయారు. అక్కడే పాతిపెట్టారు. నాన్న మళ్ళీ సంఘం ముందు నిలబడి, ఆ మనిషి ఏ తప్పూ ఒప్పుకోలేదని, అబద్ధ సాక్ష్యం పలికింది తానేనని చెప్పారు. ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు.

సాయిబు కొడుకు దగ్గరికీ వెళ్ళారు.

“నాన్న అందర్నీ మాఫ్ సేసే ఎళ్ళేరు మావా.”

“నాను అడగలేదు కదరా.”

సహోదరునితో సమాధానపడ్డాకే అర్పణ తెమ్మని మా ప్రభువు ఆజ్ఞ. మనిషికి చేసిన అన్యాయాన్ని ఆ మనిషే మాఫ్ చెయ్యాలని సాయిబు నమ్మకం. నాన్నకి రెండు దారులూ మూసుకుపోయాయి.

ఆ తర్వాత చర్చిలో ప్రభు బల్ల రోజున, అందరికీ పంచే రొట్టె పళ్ళెం వస్తే, నాన్న చేతులు ఒళ్ళోనే ఉంచుకుని, నన్ను తీసుకోమని తలూపేవారు. నేను తీసుకునేవాణ్ణి. పక్కన ఆయన పెదవులు కదిలేవి. ఆ ప్రార్థనలో నాకు వినిపించింది ఒక్కటే, బావా అన్న పిలుపు.