తిప్పేశ్ వాయించనన్న దెబ్బ

నెమ్మదిగా వాయించడమంటే తిప్పేశ్‌కు అసహ్యం. వాళ్ల నాయన మారెప్ప బలసముద్రంలో ముప్పై ఏళ్లు చావులకు తప్పెట కొట్టాడు. పీనుగ ముందు సాగే ఆ బరువైన దెబ్బ, తాగినవాళ్లు నేలమీద పడేసే నోట్లు, వెనక్కి వంగి వాటిని నోటితో తీసే నాయన. చిన్నప్పుడు అది చూసిన ప్రతిసారీ వాడికి అన్నం సహించేది కాదు.

అందుకే సోలార్ ప్లాంటులో ప్యానెళ్లు కడిగిన కూలితో పాత డ్రమ్ సెట్టు కొని, హార్డ్‌కోర్ పంక్ అనే రాక్ సంగీతం పట్టాడు. పాట ఒకటిన్నర నిమిషం దాటదు. ఊపిరాడనంత వేగం. ఆ వేగంలో ఎవడూ ఎవడి ముందూ వంగే పని లేదు. బ్యాండులో బేస్ గిటారు వాయించేది హైస్కూలు స్నేహితురాలు రూప. గిటారు యోగీశ్‌ది. వాళ్ల పొలమంతా ప్యానెళ్ల కిందికి పోయి ఏటేటా లీజు వస్తోంది. పనీపాటా లేదు కాబట్టి కోపం పాటలు రాస్తుంటాడు.

ఆ యోగీశ్‌కు ఉన్నట్టుండి వేగం మొహం మొత్తింది. బెంగళూరులో ఏదో బ్యాండును చూసొచ్చాడు.

"ఇంక స్లోగా కొడదామప్పా, హెవీగా ఉండల్ల. మీ నాయన చావుల్లో కొట్టేది ఉండాది కదా, అదే కావల్ల."

"మా నాయన ఇష్టపడి కొట్టినాడనుకుంటివా?"

"అది మన కల్చరప్పా."

మన అట. ఒక్కనాడూ తప్పెట ముట్టనివాడికి అది కల్చరు. తిప్పేశ్‌కు ఒళ్లు మండింది. అయినా సరేనన్నాడు, అలా అన్నందుకు తనమీద తనకే రోత పుట్టింది. ఏం చేస్తాడు, ఆ ఊళ్లో అతను తలెత్తుకుని కూర్చునే చోటు ఆ డ్రమ్ముల వెనక ఒక్కటే.

నవంబరు ఒకటిన, రాష్ట్రావతరణ పండగ రాజ్యోత్సవానికి, ఊళ్లో స్టేజీ ఎక్కారు. మొదటి దెబ్బకే అది చావు దెబ్బని జనం గుర్తుపట్టారు. ఆడవాళ్లు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. ముందు వరుసలోని యోగీశ్ పెదనాన్న ఎర్రప్ప లేచొచ్చి, చావులో వేసినట్టే డ్రమ్ముల ముందు నోటు పడేశాడు.

"తీయప్పా. మీ నాయన నోటితో తీస్తాండె" అన్నాడు, మెచ్చుకోలుగానే.

యోగీశ్ గిటారు ఆపకుండా కళ్లతో సైగ చేశాడు, తీయమని.

తిప్పేశ్ వాయించడం ఆపి లేచాడు. ఇక బ్యాండు లేదని తెలిసే లేచాడు. యోగీశ్ గిటారు ఆపించి, స్టిక్కులు అతని చేతిలో పెట్టి, మైకు దగ్గరికి నడిచాడు.

"నువ్వు వంగి తీయి, యోగీ. అందరూ చూస్తాండారు."

రూప బేస్ ఆపేసింది. యోగీశ్ వంగలేదు.